తాతగారి నేవీ కొలువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రెండో ప్రపంచ యుద్ధంలోనో 1971 పాకిస్తాన్ యుద్ధంలోనో నౌకాదళంలో పనిచేసిన తాతల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకే సంగతిని చాలామంది అడిగారు కాబట్టి ప్రశ్నలను కలిపి, కుదించి వేశాం.

మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో చేశారని ఇంట్లో అంటారు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలీదు. ట్రంకు పెట్టెలో కొన్ని ఇంగ్లీషు కాగితాలున్నాయి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?
– ఓ పాఠకురాలు, శ్రీకాకుళం

సర్వీసు నంబరు దగ్గర మొదలుపెట్టండి. పేరుతో వెతకబోతే ఏళ్లు గడుస్తాయి. నంబరుంటే ఫైలు ఉందో లేదో అయినా తేలుతుంది. డిశ్చార్జి సర్టిఫికెట్టు పైభాగం, పే బుక్కు, మెడల్ అంచు, పెన్షన్ వచ్చి ఉంటే పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) కాగితం, వీటిలో ఎక్కడో ఒకచోట అది ఉంటుంది. ఇవేవీ లేకపోతే ట్రంకు పెట్టెనే చూడండి. నావికులు పెట్టె మీదా కిట్ బ్యాగు మీదా పేరూ నంబరూ పెయింటుతో రాసుకునేవాళ్లు. తర్వాత ఎవరైనా దానిమీద మళ్లీ రంగు కొట్టించి ఉంటే, గదిలో లైటు ఆపి టార్చిని రేకుకి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. పాత అక్షరాల ఉబ్బు నీడ కడుతుంది.

తర్వాత సర్వీసు సర్టిఫికెట్టు. బ్రిటిష్ నౌకాదళం పద్ధతిలోనే ఇందులో నిలువు గళ్లుంటాయి: ఓడ పేరు, హోదా, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా. ఇంకోచోట ఏటేటా ప్రవర్తనకీ పనితనానికీ వేసిన మార్కులుంటాయి. 'వీజీ' అని వరసగా కనిపిస్తే ప్రవర్తన చాలా బాగుందని అర్థం. మీకు కావలసిన జీవిత చరిత్రకి ఎముకల గూడు ఈ తేదీల వరసే. ముందు దాన్ని ఉన్నదున్నట్టు, తప్పులతో సహా, ఒక కాగితం మీదకి ఎక్కించండి. అర్థం కాని అక్షరం దగ్గర ప్రశ్నార్థకం పెట్టండి, ఊహించి నింపకండి. ఒకసారి నింపిన ఊహ ఇంట్లో నిజంగా చలామణీ అయిపోతుంది.

ఇక రాయడం. నావికుల రికార్డులు చూసే కార్యాలయం ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని చీతా క్యాంప్‌లో ఉన్న కమొడోర్, బ్యూరో ఆఫ్ సెయిలర్స్. వాడుకలో 'కాబ్స్' అంటారు. ఆఫీసర్ల సంగతి వేరు, వాళ్ల వ్యవహారం ఢిల్లీలోని నౌకాదళ ప్రధాన కార్యాలయానిది. ఉత్తరంలో నంబరు, పూర్తి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, చేరిన ఏడాది, బయటికి వచ్చిన ఏడాది, ఒక్క ఓడ పేరైనా ఉండాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ గుర్తింపు కార్డు నకళ్లు జతచేయండి. వారసులని రుజువు లేకుండా రాస్తే మూడో మనిషికి సమాచారం ఇవ్వలేమని జవాబొస్తుంది. సమాచార హక్కు కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో అడిగినా ఈ రుజువు అవసరమే. 1947కి ముందే బయటికి వచ్చేసినవాళ్ల విషయంలో అన్నీ దొరుకుతాయన్న ఆశ పెట్టుకోకండి. ఇంట్లో ఉన్న కాగితమే ఒక్కోసారి ఏకైక ప్రతి. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పాత మాజీ సైనికుల రిజిస్టరు ఉంటుంది, ముంబయికి రాసే ముందు అక్కడోసారి అడగండి.

తెలుగువాళ్ల విషయంలో వెతుకులాట చెడేది ముఖ్యంగా పేరు దగ్గర. ఇంటిపేరును మనం ముందు రాస్తాం. ఆనాటి గుమస్తాలు ఒకసారి దాన్ని పొడి అక్షరంగా మార్చారు, ఒకసారి చివరికి తోశారు, ఒకసారి వదిలేసి తండ్రి పేరు తగిలించారు. అప్పలస్వామి అన్న పేరు ఇంగ్లీషులో ఐదారు రకాలుగా రాసి ఉండొచ్చు. మీరు అనుకునే రూపంతో పాటు కనీసం మూడు రూపాలు ఉత్తరంలో రాయండి. రెండోది జిల్లా. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. యుద్ధకాలపు కాగితంలో మీ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ, విజాగపటం జిల్లా కిందే ఉంటుంది. మూడోది వయసు. దళంలో చేరడానికి ఒకటి రెండేళ్లు ఎక్కువ చెప్పిన కుర్రాళ్లు బోలెడుమంది. సర్టిఫికెట్టులోని పుట్టిన తేదీ ఇంట్లో జాతకంతో కలవకపోతే కంగారు పడొద్దు, రెండూ రాసుకోండి.

తాతగారి కాగితంలో 'హెచ్‌ఎంఐఎస్ సర్కార్స్' అని ఉంది. ఆ ఓడ ఫొటో ఎంత వెతికినా దొరకడం లేదు.
– ఓ పాఠకుడు, విజయవాడ

దొరకదు. 'హెచ్‌ఎంఐఎస్' అంటే 'హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్', కానీ ఇది ఓడ కాదు, విశాఖపట్నంలోని నౌకా స్థావరం. ఇప్పుడు ఐఎన్‌ఎస్ సర్కార్స్. నౌకాదళంలో ఒడ్డున ఉన్న స్థావరానికీ శిక్షణ కేంద్రానికీ కూడా ఓడ పేరే పెడతారు, అక్కడి సిబ్బంది హాజరు 'ఓడ పుస్తకాల్లో'నే నడుస్తుంది. తల్వార్ బొంబాయిలో సిగ్నల్ స్కూలు, శివాజీ లోనావాలాలో ఇంజనీరింగు శిక్షణ, వల్సురా జామ్‌నగర్‌లో టార్పెడో శిక్షణ, హిమాలయ కరాచీలో తుపాకుల స్కూలు, బహదూర్ కరాచీలోనే కుర్రాళ్ల శిక్షణ కేంద్రం.

అలాగని తాతగారు యుద్ధమంతా ఒడ్డునే కూర్చున్నారని తేల్చేయకండి. మోటారు లాంచీలు, లాండింగ్ క్రాఫ్టుల వంటి చిన్న పడవల్లో పనిచేసినవాళ్ల పేర్లు దగ్గరలోని స్థావరం పుస్తకాల్లోనే ఉండేవి. బర్మాలోని అరకాన్ తీరంలో వాగుల్లో దూరి కాల్పులు జరిపిన పడవ మీద మనిషి ఉన్నా, కాగితం మాత్రం స్థావరం పేరే చెబుతుంది. పక్కనే చిన్న అక్షరాల్లో పడవ నంబరేదైనా ఉందేమో భూతద్దంతో చూడండి. మెడల్స్‌లో బర్మా స్టార్ ఉంటే అదొక సాక్ష్యం.

పనిలో పనిగా ఇంకో సంగతి. ఓడ పేరుతో ఇంటర్నెట్‌లో వెతికి మొదట కనిపించిన ఫొటోను ఫ్రేము కట్టించేయకండి. నౌకాదళం పాత పేర్లనే మళ్లీ మళ్లీ వాడుతుంది. యుద్ధకాలపు గోదావరి స్లూప్ (చిన్న యుద్ధనౌక) దేశ విభజనలో పాకిస్తాన్‌కి వెళ్లి 'సింధ్' అయింది, నర్బదా 'జీలం' అయింది. 1983లో వచ్చిన ఐఎన్‌ఎస్ గోదావరి పూర్తిగా వేరే ఓడ. 1971 నాటి రాజ్‌పుత్ బ్రిటన్ నుంచి కొన్న పాత డిస్ట్రాయరు, 1980లో వచ్చిన రాజ్‌పుత్ సోవియట్ నిర్మాణం. ఢిల్లీ, మైసూర్, ఖుక్రీ, విక్రాంత్, అన్నిటిదీ ఇదే కథ. ఓడ పేరు పక్కన ఏడాది లేకుండా ఎక్కడా రాయకండి. 1950 జనవరి 26 దాకా 'హెచ్‌ఎంఐఎస్', ఆ తర్వాత 'ఐఎన్‌ఎస్' అన్నది కూడా తేదీలు సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

నాలుగు మెడల్స్ ఉన్నాయి. రెండు నక్షత్రాలు, రెండు గుండ్రటివి. నల్లబడిపోయాయి. బ్రాసోతో తోమి ఫ్రేము కట్టిద్దామని మా బాబాయి అంటున్నారు. అసలివి దేనికిచ్చారు?
– ఓ పాఠకురాలు, కాకినాడ

ముందు బాబాయిగారిని ఆపండి. తోమిన ప్రతిసారీ లోహం కొంత పోతుంది. మొదట పోయేది అంచు మీదో వెనకో సన్నగా ఉన్న పేరూ నంబరూ. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధపు మెడల్స్ పేర్లు లేకుండా ఇచ్చారు గానీ, భారత దళాలవాళ్లకిచ్చిన వాటిమీద పేర్లు వేశారు. మీ చేతిలో ఉన్న ఆ గీతలే వాటిని బజారులో దొరికే మెడల్స్ నుంచి వేరుచేసేది. టార్చి పక్కనుంచి వేసి, అంచు చుట్టూ తిప్పుతూ ఫొటోలు తీయండి, చదివింది రాసుకోండి. తర్వాత మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. నలుపు తెగులేమీ కాదు, అలాగే ఉండనివ్వండి. పచ్చగా పొడిలా రాలుతుంటే మాత్రం తుప్పు నడుస్తోందని అర్థం. అప్పుడు దాన్ని మిగతావాటి నుంచి విడదీసి, సిలికా జెల్ పొట్లంతో విడి డబ్బాలో పెట్టండి.

ఇక అవి ఏమిటో. ఆరు కోణాల నక్షత్రాల మధ్యలో పేరు రాసే ఉంటుంది. '1939–45 స్టార్' నౌకాదళంవాళ్లకి యుద్ధ కార్యకలాపాలు నడిచే సముద్రాల్లో ఆరు నెలలు ఓడ మీద ఉంటే వచ్చేది. రిబ్బను ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమాన చారలు. 'బర్మా స్టార్' మనవైపు నావికుల దగ్గర ఎక్కువగా కనిపించేది. నౌకాదళానికి అది 1941 డిసెంబరు 11 తర్వాత బంగాళాఖాతంలో చేసిన యుద్ధ సేవకి. ముదురు నీలం రిబ్బను, మధ్యలో వెడల్పాటి ఎర్ర చార, అటూ ఇటూ నారింజ గీత. మామూలుగా నౌకాదళంలో 1939–45 స్టార్ సంపాదించాకే బర్మా స్టార్ వచ్చేది. కాబట్టి బర్మా స్టార్ ఒక్కటే ఉంటే రెండు కారణాలుండొచ్చు: రెండోది ఇంట్లో ఎక్కడో పోయింది, లేదా ఆయన చివరి ఆరు నెలల్లోనే యుద్ధంలో దిగారు. సర్టిఫికెట్టులో తేదీలు చూస్తే ఏదో తేలుతుంది. పసిఫిక్ స్టార్‌కి కూడా అర్హుడైన మనిషికి రెండు నక్షత్రాలూ ఇవ్వలేదు, మొదట వచ్చినదాని రిబ్బను మీద రెండోదాని పేరుతో చిన్న పట్టీ ఇచ్చారు. 'ఇటలీ స్టార్' కనిపిస్తే 1943 జులైలో సిసిలీ మీద దాడికి వెళ్లిన జమునా, సట్లెజ్ ఓడల పేర్లు ఆయన సర్టిఫికెట్టులో ఉన్నాయేమో చూడండి.

గుండ్రటివాటిలో ఒకవైపు రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం ఉంటే అది 'వార్ మెడల్', 28 రోజుల సేవ ఉన్న ప్రతివాళ్లకీ వచ్చింది. భారతదేశ పటం ఉంటే 'ఇండియా సర్వీస్ మెడల్', యుద్ధరంగం బయట మూడేళ్లు చేసినందుకు. 1971 వాళ్లయితే వేరే వరస: తూర్పు రంగానికి పూర్వీ స్టార్, పడమటి రంగానికి పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. 1972 ఆగస్టు 15న కొలువులో ఉన్నవాళ్లందరికీ స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్ కూడా వచ్చింది. అది యుద్ధానిది కాదు.

ఫ్రేము కట్టించాలనే ఉంటే కట్టేవాడి పక్కన నిలబడి కట్టించండి. మనవైపు ఫ్రేములవాళ్లు వెల్వెట్ మీద ఫెవికాల్ పూసి మెడల్‌ని అంటించేస్తారు, వెనక ఉన్న పేరు ఇక ఎవరికీ కనపడదు. అద్దానికీ మెడల్‌కీ తగలకుండా రెండు సెంటీమీటర్ల లోతున్న పెట్టె ఫ్రేము కావాలి. ఆమ్లం లేని అట్టకి నూలు దారంతో కుట్టించాలి. థర్మోకోల్, డబుల్ టేపు వద్దు. రిబ్బను రంగు ఎండకి వెలిసిపోతుంది, కిటికీకి ఎదురుగోడ వద్దు. చిరిగిన పాత రిబ్బనును పారేయకండి. కొత్తది కుట్టించినా పాతది కవర్లో దాచండి. మా సలహా అడిగితే మెడల్స్‌ని విడివిడిగా కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టి, గోడకి వాటి ఫొటోను ఫ్రేము కట్టించమంటాం.

ఫొటోలో తాతయ్య టోపీ రిబ్బను మీద ఓడ పేరు లేదు, 'హెచ్.ఎం.ఐ.ఎస్.' అని మాత్రమే ఉంది. అంటే ఇంకా శిక్షణలో ఉన్నారనా?
– ఓ పాఠకుడు, మచిలీపట్నం

కాదు. యుద్ధకాలంలో ఏ ఓడ ఏ రేవులో ఉందో శత్రువుకి తెలియకూడదని రిబ్బను మీద ఓడ పేరు తీసేశారు. కాబట్టి ఆ ఫొటో యుద్ధకాలానిదన్న ఆధారం మీకు దొరికినట్టే.

చేతులు చూడండి. ఎడమ భుజం కింద ఒక్క లంగరుంటే లీడింగ్ హోదా, అడ్డంగా రెండు లంగర్లూ పైన కిరీటమూ ఉంటే పెటీ ఆఫీసరు. కిరీటం బదులు అశోక సింహాలుంటే ఫొటో 1950 తర్వాతది. లంగరు కింద ఉండే ఇంగ్లీషు 'వి' గీతలు హోదా కావు, సత్ప్రవర్తనతో గడిపిన ఏళ్లకి ఇచ్చేవి. చాలా ఇళ్లలో వాటిని చూసి తాతగారిని సార్జెంటు చేసేస్తున్నారు. కుడి చేతి మీద ఉండేది పని గుర్తు: ప్రొపెల్లరుంటే ఇంజన్ రూమ్, అడ్డంగా జెండాలుంటే సిగ్నల్, రెక్కలూ మెరుపూ ఉంటే వైర్‌లెస్. ఆఫీసరైతే మణికట్టు మీది చారలు చూడాలి. తిన్నటివి రెగ్యులర్ దళానివి, అలల్లా వంకరవి యుద్ధం కోసం చేరిన వాలంటీర్ రిజర్వువి.

లంగరు కుడి చేతి మీద కనిపిస్తే నెగటివ్‌ను తిరగేసి ప్రింటు చేశారేమో చూడండి, టోపీ మీది అక్షరాలు చెప్పేస్తాయి. వెనక కనిపించే ఓడను నమ్మకండి. స్టూడియోల్లో తెర మీద వేసిన ఓడ ఒకటే, దాని ముందు నిలబడ్డ నావికులు వందల మంది.

స్కాన్ చేసేటప్పుడు చిన్న ఫొటోలకి 600 డీపీఐ పెట్టండి, వెనకవైపు కూడా చేయండి, స్టూడియో ముద్ర అక్కడే ఉంటుంది. ఫైలు పేరు ఏడాదితో మొదలవ్వాలి. లామినేషన్ చేయించకండి. చిరుగుకి సెల్లోటేపు వేయకండి, పదేళ్లలో ఆ జిగురు పచ్చబడి ఫొటోలోకి దిగుతుంది. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయిన ఫొటోను గోటితో లాగొద్దు. పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారాన్ని వెనక దూర్చి, రంపంలా మెల్లగా కదుపుతూ విడదీయండి.

తాతగారిని 1946లో 'సర్వీసెస్ నో లాంగర్ రిక్వైర్డ్' అని పంపేశారు. ఏదైనా తప్పు చేశారా అని అమ్మమ్మ చివరిదాకా మథనపడింది.
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

ఆ ఒక్క మాటతో ఏమీ తేలదు, నెల చూడాలి. 1945 ఆగస్టులో యుద్ధం ముగియగానే వేల మందిని ఇళ్లకి పంపడం మొదలైంది, ఆ కాగితాల మీద మామూలుగా దళం తగ్గింపు అనో సేవ ముగింపు అనో ఉంటుంది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయి తల్వార్‌లో తిండి, జీతాలు, అధికారుల నోటిదురుసు మీద నావికులు సమ్మె చేశారు. అది కరాచీ, మద్రాసు, కలకత్తా, విశాఖలకి పాకి, 23న విరమణ అయింది. తర్వాత వందల మందిని దళం నుంచి తీసేశారు. మీ తాతగారి తేదీ ఆ ఫిబ్రవరి తర్వాతి నెలల్లో ఉండి, అంతకుముందు ఏళ్లన్నీ 'వీజీ' అని ఉంటే, ఆయన సమ్మెలో ఉన్నారని అనుకోవడానికి ఆధారముంది. నిర్ధారణ కావాలంటే తేదీ పక్కన ఉన్న ఓడ లేదా స్థావరం పేరు చూసి, సమ్మె అక్కడ జరిగిందో లేదో సరిచూడాలి.

ఇంకో గుర్తు ఉంది. బ్రిటిష్ పద్ధతి సర్టిఫికెట్టులో, చెడ్డ ప్రవర్తనతో బయటికి పంపినవాళ్ల కాగితం మూల కత్తిరించేవారు. మూల చెక్కుచెదరకుండా ఉంటే ఆ ముద్ర పడలేదన్నమాట. కత్తిరించి ఉన్నా అంచు చూడండి. కత్తెర కోత తిన్నగా ఉంటుంది, చెదపురుగు తిన్నది అలా ఉండదు.

1946 నౌకాదళ తిరుగుబాటును కేంద్రం స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకంలో గుర్తించిన ఉద్యమాల్లో చేర్చింది. మనుమలకి పింఛను రాదు, దానికోసం దళారులకి డబ్బులివ్వకండి.

మా తాతయ్యకి 78 ఏళ్లు. 1971లో విమానవాహక నౌక విక్రాంత్ మీద ఉన్నారు. పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ విశాఖ దగ్గర మునిగినప్పుడు పేలుడు తను విన్నానంటారు. రికార్డు చేద్దామంటే 'ఏముందిరా చెప్పడానికి' అంటారు. ఎలా అడగాలి?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

'యుద్ధం గురించి చెప్పు తాతయ్యా' అంటే ఎవరైనా అదే అంటారు. రోజు గురించి అడగండి. ఏ మెస్‌లో ఉండేవారు, ఎక్కడ పడుకునేవారు, పక్క బంకు ఎవరిది, నీళ్లు ఎంతసేపు వదిలేవారు, యాక్షన్ స్టేషన్స్ అలారం మోగితే ఎక్కడికి పరిగెత్తాలి, ఎన్ని నిచ్చెనలు ఎక్కాలి. వాచ్, అంటే డ్యూటీ వంతు గురించి అడిగితే మాట ఆగదు. ఓడ మీద రోజు నాలుగేసి గంటల వాచ్‌లుగా నడుస్తుంది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మాత్రం రెండు రెండు గంటల 'డాగ్ వాచ్'లు. మొత్తం ఏడు వస్తాయి కాబట్టి రోజూ ఒకరికే అర్ధరాత్రి వాచ్ పడదు. ఏ వాచ్ కష్టంగా ఉండేదని అడగండి చాలు. ఆయన ఇంజన్ రూమ్ మనిషైతే బాయిలరు సంగతి ఎత్తండి. విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులు, ఆ యుద్ధమంతా తక్కిన వాటితోనే నడిచింది. ఫ్లైట్ డెక్ మనిషైతే సీ హాక్, అలీజ్ విమానాల్లో దేన్ని ఎలా తోసేవారో, గాలి ఎటున్నప్పుడు లేపేవారో అడగండి.

ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆయన నోటికి జానెడు దూరంలో, మెత్తటి గుడ్డ మీద ఉంచండి. ఫ్యాను ఆపండి, రికార్డింగులు ఎక్కువగా చెడిపోయేది దాని రొదతోనే. ముందు ఒక నిమిషం రికార్డు చేసి, విని, అప్పుడు మొదలుపెట్టండి. నలభై నిమిషాలు దాటనివ్వకండి, మర్నాడు మళ్లీ కూర్చోవచ్చు. పాత ఫొటో ఒకటి చేతికివ్వండి, కానీ దాన్ని చూస్తూ 'ఇతను' అంటే ఎవరో పేరు చెప్పించండి, వినేవాళ్లకి వేలు కనపడదు. చనిపోయిన స్నేహితుల ఊసు మీరు ఎత్తకండి. ఆయన ఎత్తితే మధ్యలో ప్రశ్న వేయకండి.

ఇక ఘాజీ. అది మునిగింది 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి. ఆ సమయానికి విక్రాంత్ విశాఖలో లేదు, అండమాన్‌వైపు దాచారు. 4న దాని విమానాలు కాక్స్‌బజార్ మీద దాడి చేశాయి. విశాఖ దగ్గర విక్రాంత్ ఉన్నట్టు వైర్‌లెస్ సందడితో భ్రమ కల్పించింది రాజ్‌పుత్. కాబట్టి మీ తాతగారు ఆ రాత్రి విక్రాంత్ మీదైనా ఉండాలి, పేలుడు చెవులారా అయినా విని ఉండాలి. అబద్ధం చెబుతున్నారని కాదు. శిక్షణకో ఆస్పత్రికో ఒడ్డున దిగి ఉండొచ్చు, ఆ వారంలో వేరే ఓడ నుంచి బదిలీ అయి ఉండొచ్చు, విశాఖలో ఉన్న స్నేహితుడి మాట యాభై ఏళ్లలో తన మాటై ఉండొచ్చు. ఆయన ముందు సరిదిద్దకండి. సర్వీసు కాగితంలో డిసెంబరు తేదీలు చూసి, రికార్డింగు కింద 'కాగితం ప్రకారం ఇలా' అని ఒక వాక్యం రాసిపెట్టండి. రెండూ ఉండాలి. ఘాజీ ఎలా మునిగిందన్నదీ అంతే. మన నౌకాదళం రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్లనంటుంది, పాకిస్తాన్ ప్రమాదమంటుంది. మీ పుస్తకంలో దాన్ని తేల్చే బాధ్యత మీది కాదు.

తెల్ల యూనిఫాం, నీలం ఉన్ని కోటు ఉన్నాయి. కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టాం. చాలా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

చాలదు. తెల్లదానిలో గంజి ఉండిపోతే వెండిచేపలు (సిల్వర్‌ఫిష్ అనే బట్టలు కొరికే పురుగులు) దానికోసమే వస్తాయి. గంజి, నీలిమందు పోయేదాకా మంచినీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ లేకుండా పెట్టండి. బటన్లు తీసి విడిగా దాచండి. నీలం ఉన్ని కోటును ఉతకొద్దు, దానిమీది జరీ బ్యాడ్జీలు నీళ్లు తగిలితే నల్లబడతాయి. చిల్లులు కొత్తగా పడుతుంటే కోటును పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. మామూలు ఫ్రిజ్ పై అర అంత చల్లగా ఉండదు, థర్మామీటరు పెట్టి చూసుకోండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే తేమ ఉన్ని మీద చేరుతుంది. తర్వాత పాత మెత్తటి తెల్ల పంచెలో చుట్టి, మడతల్లో కాగితం ఉండలు పెట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. కలరా ఉండలు ప్లాస్టిక్ బటన్లకీ ఫొటోలకీ తగలకూడదు.

డిసెంబరు 4న నేవీ డే నాడు తాతగారి మెడల్స్ నేను పెట్టుకోవచ్చా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

సంస్మరణ కార్యక్రమంలో కుటుంబసభ్యులు పెట్టుకునేది కుడి రొమ్ము మీద. ఎడమవైపు సంపాదించుకున్నవాళ్లది. యూనిఫాం మాత్రం వేసుకోవద్దు.

మా ముత్తాత 1942లో ఓడ మునిగి పోయారు. 'నేవీ' అంటారు గానీ కాబ్స్‌వాళ్లు మా దగ్గర వివరాల్లేవన్నారు.
– ఓ పాఠకుడు, భీమునిపట్నం

బ్రిటిష్ కంపెనీ సరుకు ఓడ మీద ఖలాసీగానో ఫైర్‌మన్‌గానో ఉండి ఉంటారు. అది మర్చంట్ నేవీ, దాని కాగితాలు కాబ్స్‌కి చేరవు. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకండి. సమాధి లేని భారత నావికులూ ఖలాసీల పేర్లు బొంబాయి/చిట్టగాంగ్ స్మారకం కింద ఉంటాయి. ఒకే జాబితా పుస్తకం చిట్టగాంగ్ యుద్ధ శ్మశానవాటికలోనూ, ముంబయి ఇండియన్ సీమెన్స్ హోమ్‌లోనూ ఉంది. ఒక్కో పేరు పక్కన పని, ఓడ పేరు, దాని రిజిస్టరు రేవు, తేదీ ఉంటాయి. ఆ తేదీ మామూలుగా ఓడ మునిగిన రోజు. పేరుతో దొరక్కపోతే ఏడాదితో, 'ఇండియన్ మర్చంట్ నేవీ' అన్న వడపోతతో చూసి, ఓడ పేరు గుర్తుపట్టండి. ఓడ తెలిశాక, దాని యుద్ధకాలపు రాకపోకల కార్డు బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో దొరుకుతుంది. ఏ రేవు నుంచి ఏ సరుకుల దారిలో వెళ్లిందో అక్కడుంటుంది.

ఈ కాగితాలన్నీ ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చా?
– ఇద్దరు ముగ్గురు అడిగారు

ఫొటోలు పెట్టండి, ఓడ మనుషుల మనుమలెవరైనా గుర్తుపట్టొచ్చు. పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా, మామ్మగారి ఆధార్ ఉన్న పేజీలు వద్దు, కుటుంబ పెన్షన్ మోసాలు జరిగేది వాటితోనే. మెడల్ అంచు మీది నంబరు స్పష్టంగా కనిపించే ఫొటో కూడా వద్దు, నకిలీలు చెక్కేవాళ్లకి అది చాలు. 'సీక్రెట్', 'కాన్ఫిడెన్షియల్' ముద్ర ఉన్న కాగితం ఎంత పాతదైనా ముందు జిల్లా సైనిక సంక్షేమ అధికారికి చూపించి, ఆయన చెప్పినట్టు చేయండి.